1403లో ఒక పల్లెటూరి కుర్రాడితో: కింగ్‌డమ్ కమ్ దారుల్లో తొలి రోజులు

ఈ ప్రయాణానికి కావాల్సింది ఒక పీసీ, వీలైతే అందులో ఒక ఎస్‌ఎస్‌డీ, దాంతోపాటు చాలా ఓపిక. ఆట పేరు కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్. ప్రాగ్‌లోని వార్‌హార్స్ స్టూడియోస్ తయారుచేస్తే 2018 ఫిబ్రవరిలో వచ్చింది. రెండో భాగం కూడా 2025లో వచ్చేసింది. అయినా కథ మొదటినుంచీ తెలియాలని నేను పాతదానితోనే మొదలుపెట్టాను.

ఓపెన్ వరల్డ్ ఆర్‌పీజీ (విశాలమైన లోకంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ ఒక పాత్రగా ఆడే ఆట) అనగానే డ్రాగన్లు, మంత్రాలు, పుట్టుకతోనే జాతకంలో ఏదో రాసిపెట్టి ఉన్న వీరుడు గుర్తొస్తారు. ఇక్కడ అవేమీ లేవు. 1403వ సంవత్సరం, బొహీమియా రాజ్యం, సాజావా నది చుట్టుపక్కల సుమారు 16 చదరపు కిలోమీటర్ల నేల. అందులో పల్లెలు, అడవులు, రెండు మూడు కోటలు, ఒక మఠం. ఇవన్నీ నిజంగా ఉన్న ఊళ్లే. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో, ప్రాగ్‌కు ఆగ్నేయంగా, చెక్ పేర్లతో ఈనాటికీ ఉన్నాయి. మిగతా ఆటల మ్యాపులతో పోలిస్తే 16 అంటే చిన్న అంకె. నడిచి చూస్తే తెలుస్తుంది అది ఎంత పెద్దదో.

స్కాలిట్జ్, పొద్దున

ఆటలో నేను స్కాలిట్జ్ అనే ఊళ్లో ఉండే హెన్రీని. అమ్మ కేకలతో మెలకువ వచ్చింది. పొద్దెక్కేదాకా పడుకున్నానట, నాన్న కొలిమి దగ్గర ఎప్పటినుంచో చూస్తున్నాడట. పొయ్యి మీద కుండలో ఏదో ఉడికి ఉంది, తిన్నాను. ఈ ఆటలో ఆకలి ఉంది, నిద్ర ఉంది. సంచిలో పెట్టుకున్న తిండి కొన్నాళ్లకు పాడైపోతుంది. పాడైంది తింటే ఒళ్లు చెడుతుంది. మరీ ఎక్కువ తిన్నా ఇబ్బందే.

నాన్న పేరు మార్టిన్, కమ్మరి. ఊరి దొర రాడ్జిగ్ కోబిలా కోసం ఒక మంచి కత్తి చేస్తున్నాడు. అది పూర్తవ్వాలంటే నేను బొగ్గు కొనుక్కురావాలి, పిడికి పైన వేసే అడ్డకమ్మి కోట నుంచి తేవాలి, కూనెష్ అనే తాగుబోతు దగ్గర పాత బాకీ వసూలు చేయాలి. వస్తూ వస్తూ చల్లటి బీరు ఒకటి. ఇదీ నాకు అప్పజెప్పిన మహాకార్యం. ఊరి చివర లోయలోకి చూస్తే పచ్చిక మీద ఎండ, దూరంగా వెండి గనుల దగ్గర మనుషులు. గ్రాఫిక్స్ గురించి మాట్లాడుకోవాలంటే ముందు ఆ వెలుగు గురించే మాట్లాడాలి. క్రైఇంజన్ అనే గేమ్ ఇంజన్ వాడిన ఆటల్లో అడవులు బాగుంటాయని ఎప్పటినుంచో పేరుంది. ఇక్కడ చెట్ల కంటే చెట్ల మధ్య నేల నాకు నచ్చింది. ఎండుకొమ్మలు, పొదలు, ఎవరూ నడవని చోట మోకాలెత్తు గడ్డి.

కూనెష్ డబ్బులివ్వనన్నాడు. మర్యాదగా అడిగితే నవ్వాడు, గొంతు పెంచితే కొట్టాడు. రెండు మూడు గుద్దులకే నేను నేల మీద ఉన్నాను. ఆట ఆగి ‘మళ్లీ ప్రయత్నిస్తావా’ అని అడగలేదు. దెబ్బలు తిన్న మొహంతోనే లేచి ఊళ్లోకి నడవాల్సి వచ్చింది. ఇలాంటి చోట నాలుగైదు దారులు పెట్టారు. మాటలతో ఒప్పించొచ్చు, తాళం తీసి అతని సామాను ఎత్తుకురావచ్చు, దోస్తుల్ని వెంటబెట్టుకెళ్లొచ్చు. నేను దోస్తుల దగ్గరికి వెళ్లాను. వాళ్లకీ ఒక షరతు ఉంది. ఊళ్లో ఉన్న ఒక జర్మన్ ఇంటి గోడలకి పేడ కొట్టడంలో నేనూ చెయ్యి వేయాలి.

ఇంతకీ ఆయన చేసిన నేరమేమిటంటే, సారాయి దుకాణంలో కూర్చుని రాజును తిట్టడం. చరిత్ర మనకు అందేది ఇలాగే, తాగినవాళ్ల గొడవల్లోంచి. చక్రవర్తి నాలుగో చార్లెస్ 1378లో చనిపోయాడు. ప్రాగ్‌లో విశ్వవిద్యాలయం పెట్టింది ఆయనే, 1348లో. కొడుకు వెన్సెస్లాస్ గద్దెనెక్కాడు కానీ తండ్రి పాటి చేతకాలేదు. అతని సవతి తమ్ముడు సిగిస్మండ్ హంగరీకి రాజు. 1402లో అన్నను బంధించి, అతని పక్షాన ఉన్న దొరల మీద పడ్డాడు. స్కాలిట్జ్‌లో వెండి ఉంది. యుద్ధం చేసేవాడికి వెండి కావాలి. ఈ రెండు ముక్కలూ ఆటలో ఎవరూ ఒకేచోట చేర్చి చెప్పరు. సారాయి దుకాణంలో ఒకటి, గని దారిలో ఒకటి వింటాం. సాయంత్రానికి ఏం జరగబోతోందో మనకే అర్థమవుతుంది.

పేడ గోడకి బాగానే అంటుకుంది. బాకీ కూడా వసూలైంది.

అదే రోజు, చీకటి పడేలోగా

కొండ మీద సైన్యం కనపడింది. సిగిస్మండ్ మనుషులు, వాళ్లతో కిరాయికి వచ్చిన క్యూమన్ గుర్రపు సైనికులు. ఏం జరిగిందో వివరంగా రాస్తే ఆడబోయేవాళ్ల ముచ్చట పోతుంది. నా చేతిలో ఉన్నది పరుగెత్తడం ఒక్కటే. ఎవరితోనైనా కలబడాలని చూస్తే చావడమే. గుర్రం ఎక్కి పొలాలకి అడ్డంపడి టాల్మ్‌బెర్గ్ కోట వైపు తోలాను. వెనక బాణాలు. దారిలో పిండిమర దగ్గరి అమ్మాయి తెరేసాను సైనికులు చుట్టుముట్టారు. ఈల వేసి వాళ్లను నా వైపు మళ్లించడం తప్ప ఇంకేం చేయలేకపోయాను. అదైనా చేయడం మంచిదైంది, ఎందుకో తర్వాత తెలిసింది.

పొద్దున బీరు తెమ్మన్న ఇల్లు రాత్రికి లేదు. ఆ గంటన్నర చిల్లర పనులు ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. ఊళ్లో ప్రతి ఇల్లూ తెలిసేదాకా తిప్పి, ఆ తర్వాత తగలబెట్టారు. మొదట్లో బోర్ కొట్టిందని ఇక్కడిదాకా రాకుండానే ఆపేసేవాళ్లు చాలామంది. వాళ్లను తప్పుపట్టలేను, కానీ ఆపేయకండి.

టాల్మ్‌బెర్గ్, మర్నాడు

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. కోట గోడ మీద కావలి, దొర డివిష్, ఆయన భార్య స్టెఫనీ చూపిన దయ, తలుపు దాటనివ్వని కాపలావాళ్లు. అమ్మానాన్నలకు గోతులు తవ్వాలని దొంగచాటుగా బయటపడి స్కాలిట్జ్‌కి తిరిగి వెళ్లాను. అక్కడ ఒక దొంగల గుంపు చావగొట్టింది. గెలవలేని కొట్లాట అది, ఆట అలాగే రాసిపెట్టింది. తెరేసా నన్ను బతికించి బండి మీద తెచ్చింది. నిజమైన టాల్మ్‌బెర్గ్ ఈనాడు శిథిలం. ఆటలో దాన్ని గోడలతో, గేటుతో, గుర్రపుశాలతో మళ్లీ నిలబెట్టారు. దాన్ని సరిగ్గా చూడ్డానికి తర్వాత తీరుబడిగా రావాలి.

రట్టాయ్, మొదటి పొద్దు

కళ్లు తెరిచింది పిండిమరలో. మర నడిపే పేషెక్ నాకు వైద్యం చేయించాడు, తిండి పెట్టాడు, ఇప్పుడు ఆ ఖర్చంతా తిరిగి కట్టమంటున్నాడు. కట్టే దారి కూడా అతనే చెప్పాడు. ఉరితీసి పాతిపెట్టిన ఒకడి శవం మీద ఉంగరం ఉందట, తవ్వి తేవాలట. ఈ దేశంలో మర నడిపేవాళ్లు దొంగసొత్తు కూడా కొంటారు. ఊళ్లో ఏ కొట్టుకి తీసుకెళ్లినా దొంగసొత్తును పట్టేస్తారు, పేషెక్ మాత్రం ఏమీ అడగడు.

తాళాలు తీయడం నేర్పింది కూడా అతనే. ఆట మొత్తంలో నాకు అసలు నచ్చనిది ఇదొక్కటే. మౌస్‌తో ఒక చుక్కను సరైన చోట పట్టి ఉంచి, డీ కీ నొక్కుతూ తాళం తిప్పాలి. తాళం తిరుగుతున్నకొద్దీ ఆ చోటూ తిరుగుతుంది. చెయ్యి కాస్త వణికితే పుల్ల విరుగుతుంది, చప్పుడవుతుంది, లోపల పడుకున్నవాడు లేస్తాడు. రెండు చేతులకీ రెండు వేర్వేరు పనులు. కాసేపటికి నడుము కూడా తాళంతో పాటు తిప్పడం మొదలుపెడతాం.

మర నుంచి వాగు దాటి పైకెక్కితే రట్టాయ్. కొండమీద గోడలున్న ఊరు, పై కోట ఒకటి, కింద పిర్క్‌స్టైన్ ఒకటి. ఇన్నాళ్ల ప్రయాణంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. బేకరీ, కసాయి దుకాణం, కవచాలు చేసేవాడు, కత్తులు చేసేవాడు, సంతలో అరుపులు. స్కాలిట్జ్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు వీధుల్లో పడి ఉన్నారు, ఆ రోజు పేడ కొట్టినప్పుడు పక్కన చూసిన మొహాలు కొన్ని వాళ్లలో కనపడ్డాయి. మనుషులు పొద్దున లేస్తారు, పనికెళ్తారు, సాయంత్రం తాగడానికి పోతారు, రాత్రి తలుపులేసుకుంటారు. దుకాణం మూసేశాక వెళ్లి బ్రతిమాలినా అమ్మరు. ఇది చదివితే మామూలు విషయంలా ఉంటుంది. కానీ చేతిలో గ్రోషెన్లనే నాణేలున్నాయి, ఒంట్లో రక్తం కారుతోంది, కట్టు అమ్మేవాడు నిద్రపోతున్నాడు. అలాంటప్పుడు ఈ ఊరు నా కోసం కట్టింది కాదని తెలిసొచ్చింది. నాకు ఈ ఆట మీద ప్రేమ పుట్టింది సరిగ్గా అక్కడే.

ఊళ్లో మాటకు విలువుండాలంటే వేషం బాగుండాలి. నా బట్టల మీద స్కాలిట్జ్ మట్టి, ఎండిన రక్తం. తొట్టిలో నీళ్లతో మొహం కడిగితే మొహమే శుభ్రమవుతుంది. బట్టలకి స్నానశాలకి వెళ్లాల్సిందే. వెళ్లొచ్చాక అదే మనిషి అదే మాటకి మెత్తబడ్డాడు. ఎవరినైనా బెదిరించాలంటే మాత్రం రక్తం మరకలు బాగా పనికొస్తాయి.

సేవ్ గురించి ఇక్కడే చెప్పాలి. ఎప్పుడు పడితే అప్పుడు సేవ్ చేసుకోలేం. సొంత మంచం మీద పడుకుంటే సేవ్ అవుతుంది, కథలో కొన్ని మలుపుల దగ్గర దానంతట అదే అవుతుంది. మిగతాప్పుడు సేవియర్ ష్నాప్స్ అనే సారాయి తాగాలి. అది కొనాలంటే ఖరీదు, ఎక్కువ తాగితే మత్తు. మనమే కాచుకోవచ్చు కూడా. వైన్ మరిగించి, నెటిల్ ఆకు, బెల్లడోనా వేయాలి. ఇసుక గడియారం తిప్పుతూ, తిత్తి ఊదుతూ, నూరుతూ చేసే పని. తర్వాత వచ్చిన ప్యాచ్‌లో (ఆటను సరిచేసే అప్‌డేట్‌లో) ‘సేవ్ చేసి బయటికి వెళ్లు’ అని ఒకటి కలిపారు కాబట్టి కరెంటు పోతుందేమో, ఎవరైనా పిలుస్తారేమో అన్న టెన్షన్ తగ్గింది. ఈ పద్ధతి మీద విడుదలైన రోజుల్లో పెద్ద గొడవే నడిచింది. నేను పద్ధతి వైపే. సీసా సంచిలో ఒక్కటే ఉన్నప్పుడు అడవిలో వినపడే ప్రతి చప్పుడూ ముఖ్యమే. సేవ్ ఫ్రీగా ఉండుంటే ఆ పొదల్లోకి అంత తేలిగ్గా దూకేవాణ్ణి, అంత తేలిగ్గా మర్చిపోయేవాణ్ణి కూడా.

రట్టాయ్, బెర్నార్డ్ దగ్గర

కెప్టెన్ బెర్నార్డ్ కత్తి పట్టుకోవడం నేర్పాడు, చెక్క కత్తితో. కత్తి ఐదు దిక్కుల నుంచి వేయొచ్చు, మధ్యలో పొడవొచ్చు. మౌస్‌ని కొద్దిగా జరిపితే దిక్కు మారుతుంది. ఎదుటివాడి దెబ్బ వచ్చే క్షణంలో చిన్న ఆకుపచ్చ డాలు గుర్తు మెరుస్తుంది, అప్పుడే క్యూ నొక్కితే దెబ్బ ఆగుతుంది. ఒక క్షణం ముందో వెనకో నొక్కితే భుజం పోతుంది. దీన్ని పీసీ మీద మౌస్‌తో ఆడాలా, కంట్రోలర్‌తో ఆడాలా అన్నది ఎప్పుడూ తెగని తగువు. మౌస్‌తో దిక్కు తొందరగా మారుతుంది, కానీ ఒక్కోసారి తల తిప్పుదామంటే కత్తి తిరుగుతుంది. ఇద్దరు ఎదురుగా ఉంటే ఒకడి మీద చూపు బిగుసుకుపోయి రెండోవాడు వెనక్కి చేరతాడు. ఇది లోపమే. నేర్చుకుంటే పోతుందని చెప్పేవాళ్ల మాట నేను పూర్తిగా నమ్మను.

కానీ బెర్నార్డ్ దగ్గర ఓ పూట గడిపాక తేడా తెలుస్తుంది. ఇది హెన్రీ స్కిల్ నంబర్ పెరగడం మాత్రమే కాదు, నా చేతికి కూడా టైమింగ్ వస్తోంది. విల్లు అయితే ఇంకా కష్టం. తెర మధ్యలో గురి చుక్క లేదు. బాణం మొనను, దూరాన్ని బట్టి ఊహించుకోవాలి. మొదటి బాణాలు గడ్డివాముల మీదకి పోయాయి. సరిగ్గా అప్పుడే హాన్స్ కేపన్ అనే చిన్నదొర వచ్చి ఎగతాళి చేసి పందెం వేశాడు. వయసులో నాకంటే పెద్ద తేడా లేదు, కానీ పుట్టుక వేరు. నేను ‘దొరా’ అనాలి, అతను ‘ఒరేయ్’ అనొచ్చు.

ఆ రాత్రి, పహారా

నైటింగేల్ అనే కాపలావాడితో ఊరు తిరగాలి. రాత్రి రట్టాయ్ వీధుల్లో దివిటీ లేకుండా తిరిగితే కాపలావాళ్లు ఆపుతారు. వెలుగు లేకుండా తిరిగేవాడు దొంగే అని వాళ్ల లెక్క. ఈసారి ఆపే పని నాది. చేతిలో దివిటీ వెలుగు రెండడుగుల మేర, ఆ పైన నల్లటి చీకటి. ఆటల్లో రాత్రంటే నీలం రంగు పులిమిన పగలని అలవాటైపోయిన కళ్లకి ఇది కొత్తగా ఉంటుంది. సారాయి దుకాణం మూయించబోతే లోపల హాన్స్ కేపన్. తాగి ఉన్నాడు, లేవనన్నాడు. చట్టం నా వైపు, కులం అతని వైపు. కొట్లాటయింది. నాకు తిట్లు పడ్డాయి, శిక్ష మాత్రం ఇద్దరికీ కలిపి వేశారు. పొద్దున్నే అతనితో వేటకి వెళ్లాలి.

వేట

ఈ ప్రయాణంలో అన్నిటికంటే మంచి రోజు. ఎవరు ఎక్కువ కుందేళ్లు కొడతారని పందెం. కుందేలు కనపడేది అరక్షణం, నా బాణం నేలలో దిగేది మరో అరక్షణం తర్వాత. ఓడిపోయాను కానీ బాధ లేదు. మనుషులెవరూ లేని అడవిలో మ్యాప్ మూసేసి, పిట్టల కూతలు వింటూ నడవడానికే ఈ ఆట కొనొచ్చు. యాన్ వాల్టా సంగీతం ఎక్కడ ఆగాలో తెలిసిన సంగీతం. చాలాసేపు వినపడదు.

రాత్రి మంట దగ్గర హాన్స్ కొంచెం మనిషిలా మాట్లాడాడు. మర్నాడు పంది వెంటపడి కనపడకుండా పోయాడు. వెతుక్కుంటూ వెళ్తే క్యూమన్ల శిబిరంలో చెట్టుకి కట్టేసి ఉన్నాడు. కాపలా ఇద్దరు. వేరే ఆటలో ఇద్దరు కాపలాదార్లంటే పది సెకన్ల పని. ఇక్కడ ఒక్కడు చాలు నన్ను చంపడానికి. పొదల్లో కూర్చుని, ఉన్న ఒక్క సీసా తాగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. తాగాను. చీకటి పడేదాకా ఆగి, చప్పుడు చేసే సామానంతా తీసేసి పాకుతూ వెళ్లాను. ఇనుము వేసుకుంటే చప్పుడు, మెరిసే గుడ్డ వేసుకుంటే కనపడతాం. ఒంటిమీద ప్రతి వస్తువుకీ ఈ లెక్కలున్నాయి. హాన్స్‌ని విప్పాక అతను చెప్పిన మొదటి మాట థాంక్స్ కాదు. ఆలస్యమైందన్న విసుగు. నాకెందుకో అది నచ్చింది.

తర్వాత రోజుల్లో, ఉజిట్స్ దారి

వేట ముగిశాక నాకో గుర్రం దక్కింది, పెబుల్స్. అందమైన గుర్రమేం కాదు, అంత వేగమూ లేదు, కానీ దాని జీను సంచుల్లో సామాను పడుతుంది. రోడ్డు మీద వదిలేస్తే మలుపులు అదే చూసుకుంటుంది, నేను దిక్కులు చూస్తూ పోవచ్చు. నూహాఫ్ అనే గుర్రాల పెంపకం ఊళ్లో మనుషుల్ని, గుర్రాల్ని నరికేశారు. జింజర్ అనే కుర్రాడొకడు ఏదో చూసి అడవిలోకి పారిపోయాడు. అతన్ని వెతకమని దొర ఆజ్ఞ. నేను మాత్రం ముందు ఉజిట్స్ వైపు మళ్లాను, ఎందుకంటే హెన్రీకి చదువు రాదు.

దొరికిన పుస్తకం ఏది తెరిచినా అక్షరాలు తారుమారై ఉంటాయి. మందుల తయారీ రాసి ఉన్న కాగితం చేతిలో ఉంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. 15వ శతాబ్దపు కమ్మరి కొడుక్కి చదవడం రాకపోవడం మామూలే. ఆడేవాడికి కూడా రాకుండా చేయడం మాత్రం గొప్ప ఆలోచన. ఉజిట్స్‌లో ఒక రాయసగాడు డబ్బు తీసుకుని నేర్పుతాడు.

దారిలో ఫాస్ట్ ట్రావెల్ వాడాను, అంటే మ్యాప్ మీద చోటు ఎంచుకుంటే ఆటే మనల్ని అక్కడికి తీసుకెళ్తుంది. పాత చేతిరాత పుస్తకంలో బొమ్మలా గీసిన మ్యాప్ మీద చిన్న గుర్తు కదులుతూ పోతుంది, మధ్యలో ఉన్నట్టుండి ఆగుతుంది. ఒకసారి బిచ్చగాడు, ఒకసారి రోడ్డు పక్కన శవం, ఒకసారి ముగ్గురు దొంగలు. ముగ్గురిని చూసి గుర్రం తిప్పాను. పెబుల్స్ వేగం గురించి ఇందాక అన్నమాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

ఉజిట్స్ చిన్న ఊరు, కొండమీద చర్చి. అక్కడి పాదిరీ గాడ్విన్ ప్రాగ్‌లో మత సంస్కర్త యాన్ హుస్ చెబుతున్న మాటలకు ఆకర్షితుడైనవాడు. ఆ హుస్‌ని 1415లో కాన్‌స్టాన్స్‌లో కాల్చి చంపుతారని మనకి తెలుసు, ఊళ్లో వాళ్లకి తెలియదు. పాదిరీతో ఇంకా పెద్దగా పరిచయం కాలేదు, కానీ సారాయి దుకాణంలో ఆయన పేరు చాలాసార్లు వినపడింది.

పాఠాలు పూర్తయ్యాక పాత పుస్తకం తెరిచాను. సగం మాటలు సరిగ్గా కనపడ్డాయి, మిగతా సగం ఇంకా చిందరవందరగానే ఉన్నాయి. చదివేకొద్దీ కుదురుకుంటాయట. ఒక బెంచీ మీద కూర్చుని ఆటలో పొద్దు గుంకేదాకా చదివాను. అంత డబ్బు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు ఆ సమయమంతా బెంచీ మీద కూర్చున్న ఒక మనిషిని చూపించింది.

ఈ మధ్యలో చిన్న చిన్న విసుగులు లేకపోలేదు. రట్టాయ్ లాంటి పెద్ద ఊళ్లో మనుషులు ఎక్కువయ్యేసరికి ఫ్రేమ్ రేటు పడిపోయి బొమ్మ తడబడుతుంది. దూరంగా ఉన్న గోడల మీద రాళ్ల రూపు ఆలస్యంగా తేలుతుంది. హార్డ్ డిస్క్ మీద ఇంకా నెమ్మది. 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 అని వాళ్లు సూచించిన స్థాయి ఇప్పటి పీసీలకి పెద్ద లెక్క కాదు కానీ, సెట్టింగుల్లో నీడల్ని ఒక మెట్టు తగ్గిస్తే ఆట తేలికవుతుంది, తేడా కనపడదు. సంభాషణల్లో మొహాలు కొయ్యబారిపోయినట్టుంటాయి. ఆడవాళ్ల పాత్రలకి ఇంతవరకూ పెద్దగా పని ఇవ్వలేదు. తెరేసా ఒక్కతే గుర్తుండేది, ఆమె కూడా నన్ను బతికించాక మరలో పనికి తిరిగి వెళ్లిపోయింది.

ముందున్న దారిలో సాజావా మఠం ఉంది. 11వ శతాబ్దంలో ప్రొకోపియస్ అనే సన్యాసి మొదటి మఠాధిపతిగా నడిపిన చోటు. ఒకప్పుడు అక్కడ ప్రార్థనలు లాటిన్‌లో కాక స్లావిక్ భాషలో జరిగేవి. అటు వెళ్లేముందు జింజర్‌ని వెతకాలి, కవచానికి రిపేరు చేయించాలి, రెండు సీసాల ష్నాప్స్ కాచుకోవాలి.

ఒకసారి పూర్తిచేశాక హార్డ్‌కోర్ మోడ్‌లో మళ్లీ వెళ్లాలన్న కోరిక ఉంది. అందులో ఫాస్ట్ ట్రావెల్ ఉండదు. మ్యాప్ మీద మనం ఎక్కడున్నామో చూపే గుర్తూ ఉండదు, దిక్కులూ చెప్పరు. నదిని చూసి, చర్చి గోపురాన్ని చూసి దారి తెలుసుకోవాలి. మొదట్లోనే హెన్రీకి కొన్ని అవలక్షణాలు కూడా మనమే ఎంచి అంటగట్టాలి. వాటిలో నిద్రలో నడిచే జబ్బు ఒకటి. మంచం మీద పడుకుంటాడు, లేచేసరికి ఇంకెక్కడో ఉంటాడు. మ్యాప్ మీద గుర్తు లేకుండా ఆ జబ్బును ఎంచుకునేవాళ్లు ఎవరుంటారో నాకు అంతుపట్టదు. నేను మాత్రం దాన్నే ఎంచుకుంటాను.